నాన్న ఇండిగో మారినా (2006 డీజిల్): రోజూ నడుపుతున్నాను, ముందు ఏ పని చేయించాలి?

పటమట మారినా

అందరికీ నమస్కారం. మాది విజయవాడ పటమట. గుంటూరులో ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఆదివారం తప్ప రోజూ వారధి దాటి మంగళగిరి, కాజ టోల్‌గేటు, పెదకాకాని మీదుగా వెళ్లి వస్తాను. బండి నాన్నది. టాటా ఇండిగో మారినా, టర్బో డీజిల్, 1405 సీసీ. నాన్నకి విత్తనాల డీలర్‌షిప్ ఉండేది. వారమంతా వెనకాల విత్తనాల పెట్టెలు వేసుకుని ఉయ్యూరు, గుడివాడ వైపు తిరిగేవారు. పండక్కి అదే బండి దులిపి, కడిగి, మా అందరినీ అందులోనే ఊరికి తీసుకెళ్లేవారు. ఇప్పుడు చూపు తగ్గి ఆయన స్టీరింగ్ పట్టడం మానేశారు. తాళాలు నా దగ్గరకొచ్చాయి.

"ఇంకా ఆ బండేంటమ్మా, అమ్మేయ్" అని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఎందుకు అమ్మనో ముందే చెప్పేస్తాను, అప్పుడు సలహా ఇవ్వడం మీకూ తేలికవుతుంది. అమ్మకి పక్షవాతం వచ్చి తగ్గింది. మనిషి సాయంతో నాలుగడుగులు వేస్తుంది, దూరమైతే వీల్‌చెయిర్ కావాలి. తమ్ముడి దగ్గర కొత్త ఎస్‌యూవీ ఉంది, అమ్మని అందులోకి ఇద్దరం ఎత్తి కూర్చోబెట్టాలి. చెల్లి వాళ్ల సెడాన్‌లో సీటు మరీ కిందికి ఉంటుంది, దిగేటప్పుడు మోకాళ్ల మీద భారం పడుతుంది. పైగా దాని డిక్కీ నోరు చిన్నది, వీల్‌చెయిర్ చక్రాలు విప్పితే తప్ప పట్టదు. మారినాలో అమ్మ డోర్ పట్టుకుని తనే వెనక్కి తిరిగి కూర్చుంటుంది. వెనక డోర్ పైకి లేపితే వీల్‌చెయిర్ మడిచి అలాగే తోసేస్తాను. నేనొక్కదాన్నే చాలు, ఎవరినీ పిలవక్కర్లేదు. ఈ ఒక్క కారణం నాకు సరిపోతుంది.

ఇలాంటి బండి మళ్లీ కొనుక్కుందామన్నా దొరకదు. మన దేశంలో స్టేషన్ వ్యాగన్లు (పైకప్పు డిక్కీ చివరిదాకా సాగి, పైకి లేచే వెనక డోర్ ఉండే కార్లు) వచ్చినవే తక్కువ. 1992లో టాటా ఎస్టేట్ వచ్చింది, తర్వాత బలెనో ఆల్టురా, ఓపెల్ కోర్సా స్వింగ్, ఆక్టావియా కాంబి, 2004లో మా మారినా. 2006 బడ్జెట్‌లో 4 మీటర్ల లోపు పొడవుండే చిన్న కార్లకి ఎక్సైజు సుంకం 24 శాతం నుంచి 16కి తగ్గించారు. అప్పటినుంచి కంపెనీలన్నీ బండి వెనక భాగం కత్తిరించే పనిలో పడ్డాయి. పొడుగ్గా, తక్కువ ఎత్తులో, వెనకంతా ఖాళీగా ఉండే కారు చేస్తే పన్ను ఎక్కువ కట్టాలి. ఇక ఎవరు చేస్తారు? నాకు ఇది నిజంగా బాధగానే ఉంటుంది. వయసు పైబడినవాళ్లు ఉన్న ఇంటికి ఇంతకంటే పనికొచ్చే కారు నేను చూడలేదు.

ఇక బండి సంగతి. ఇంజన్ బాగుంది. టైమింగ్ బెల్టు, దాని టెన్షనర్, వాటర్ పంపు ఒకేసారి మార్పించాను. గ్లో ప్లగ్గులు కొత్తవి. పొద్దున ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది. టైర్లు కంపెనీ సైజే, 175/65 ఆర్14.

ఇబ్బందులు ఇవి. వెనకాల అమ్మ, నాన్న కూర్చుని, వీల్‌చెయిర్, సామాను పెడితే తోక కిందికి వాలుతుంది. స్పీడ్ బ్రేకర్ల మీద అడుగు భాగం తగులుతుంది. చీకట్లో హెడ్‌లైట్ చాలదు, హైవే మీద ఎదురుగా లారీ వస్తే రోడ్డు అంచు కనపడదు. ఏసీ ముందు సీట్లకి పర్వాలేదు గానీ, మే నెల మధ్యాహ్నం వెనక కూర్చున్న అమ్మ చెమటలు కక్కుతుంది. వెనక వైపరు ఒకరోజు తిరుగుతుంది, ఒకరోజు తిరగదు. అన్నిటికంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది, అద్దాలు దించి వెళ్తుంటే వెనక సీట్లో పొగ వాసన. కొద్దిగానే. నాకు ముందు సీట్లో తెలియదు, అమ్మే చెప్పింది.

ఒక వర్క్‌షాపులో అడిగితే వెనక స్ప్రింగుల్లో రబ్బరు బఫర్లు పెట్టేద్దామన్నారు. 100 వాట్ల బల్బులు వేద్దామన్నారు. పనిలో పనిగా డీజిల్ పంపు స్క్రూ కాస్త తిప్పితే పికప్ అదిరిపోతుందని కూడా అన్నారు. నాకు పికప్ వద్దు. బండి కిందికి దించడం, వెడల్పు టైర్లు, సైలెన్సర్ మోత, ఇవేవీ వద్దు. చేసే ప్రతి మార్పుకీ నేను పెట్టుకున్న కొలత ఒక్కటే: వెనక సీట్లో అమ్మకి దానివల్ల మేలు జరుగుతుందా, లేదా.

చేతిలో 60 వేలున్నాయి. ఇంకో విషయం, ఈ ఏడాదే ఆర్‌సీ రెన్యువల్. బండికి 20 ఏళ్లు నిండుతాయి. పదేళ్లు దాటిన డీజిల్ బండి రోడ్డెక్కకూడదట కదా అని అపార్ట్‌మెంట్‌లో ఒకాయన భయపెడుతున్నారు. ఏ పని ముందు, ఏది తర్వాత, ఏది అసలు ముట్టుకోకూడదు? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఆటోనగర్ డీజిల్

మేడమ్ గారూ, నమస్తే. నేను ఆటోనగర్‌లోనే పని నేర్చుకున్నాను. ఇండికాలు, ఇండిగోలు నా చేతుల మీదుగా చాలా వెళ్లాయి. మీరు రాసిన వరస మొత్తం తిరగేయండి. మీరు చివర రాసిన పొగ వాసన ముందు చూడాలి. అది ఇబ్బంది కాదు, ప్రమాదం.

వ్యాగన్ వెనక భాగం గోడ కట్టినట్టు నిటారుగా ఉంటుంది. బండి పరిగెడుతున్నప్పుడు ఆ గోడ వెనకాల గాలి పలచబడుతుంది, సైలెన్సర్ పొగ అక్కడే సుడి తిరుగుతుంది. మీరు ముందు అద్దాలు దించారనుకోండి, లోపలి గాలి బయటికి లాగేస్తుంది. ఆ ఖాళీ నింపడానికి వెనక డోర్ సందులోంచి పొగ లోపలికొస్తుంది. సెడాన్‌లో డిక్కీకీ మనుషులకీ మధ్య సీటు, రేకు అడ్డం ఉంటాయి. వ్యాగన్‌లో అంతా ఒకటే గది.

ఇంట్లోనే చూసుకోవచ్చు. ఒక కాగితం ముక్క వెనక డోర్ రబ్బరు మీద పెట్టి డోర్ వేసి లాగండి. గట్టిగా పట్టుకుంటే రబ్బరు బాగున్నట్టు. సులువుగా జారి వచ్చేస్తే అక్కడ రబ్బరు చచ్చిపోయినట్టు. డోర్ చుట్టూ అలా చూడండి, కింది అంచు దగ్గర, మూలల దగ్గర మరీ జాగ్రత్తగా. తర్వాత డిక్కీ కార్పెట్ ఎత్తి కింద రేకులో గుండ్రటి రబ్బరు బిరడాలు అన్నీ ఉన్నాయా చూడండి. ఒకటి ఊడిపోయినా పొగ, నీళ్లు, దుమ్ము మూడూ వస్తాయి. వెనక లైట్ల చుట్టూ ఉండే ప్యాకింగ్ కూడా అంతే. సైలెన్సర్ జాయింట్లలో లీకు ఉందేమో బండి పైకి లేపి చూపించండి. చివరి పైపు బంపరు కింద లోపలికే ఆగిపోయి ఉంటే, బంపరు అంచు దాటి బయటికి వచ్చేలా సరిచేయించండి. ఇవన్నీ అయ్యేదాకా హైవే మీద అద్దాలు ఎత్తి, బ్లోయర్ వేసి, బయటి గాలి లోపలికొచ్చే పొజిషన్‌లో పెట్టుకుని వెళ్లండి. లోపల గాలి ఒత్తిడి కాస్త ఎక్కువుంటే పొగ లోపలికి రాదు.

అయితే డీజిల్ పొగ అసలు అంత ఎందుకు వస్తోందో కూడా చూడాలి. నల్ల పొగైతే ముందు ఎయిర్ ఫిల్టర్, టర్బో గొట్టాలు, తర్వాత ఇంజెక్టర్లు.

ఇక ఆ పంపు స్క్రూ. దయచేసి ఎవరినీ చెయ్యి పెట్టనివ్వకండి. మీది రోటరీ పంపు, అది తిప్పితే డీజిల్ ఎక్కువ పడుతుంది, నిజమే, బండి లాగుతుంది కూడా. కానీ మీ ఇంజన్‌లో డీజిల్ మండేది నేరుగా పిస్టన్ మీద కాదు, హెడ్‌లో, అంటే ఇంజన్ పై మూతలో ఉండే చిన్న గదిలో. అక్కడ వేడి అసలే ఎక్కువ. డీజిల్ పెంచితే హెడ్ వేడెక్కుతుంది, గ్యాస్కెట్ పోతుంది, హెడ్డే పగిలినా పగులుతుంది. ఆ పికప్ నాలుగు నెలలుంటుంది, తర్వాత ఇంజన్ దించాలి.

స్ప్రింగు బఫర్లు కూడా వద్దు. రబ్బరు ఇరికించిన చోట స్ప్రింగు చుట్లు పనిచెయ్యవు, మిగతా చుట్ల మీద బరువంతా పడుతుంది. తోక లేచినట్టు కనపడుతుంది గానీ, ప్రతి గుంతా వెనక కూర్చున్నవాళ్ల నడుముకి తెలుస్తుంది. అమ్మగారికి అది మంచిది కాదు. ఖాళీ బండిని చదునైన నేల మీద పెట్టి, వెనక చక్రం మధ్య నుంచి పై ఫెండర్ అంచు దాకా రెండు వైపులా టేపుతో కొలవండి. రెండు వైపులకీ తేడా ఉన్నా, చూడ్డానికే తోక వాలి ఉన్నా స్ప్రింగులు అలిసిపోయాయి, జత కొత్తవి వేయించండి. షాకర్లు కూడా జతగానే. అంతకంటే ముందు బుష్‌లు (కీళ్ల దగ్గర ఉండే రబ్బర్లు), స్ట్రట్ (స్ప్రింగు, షాకరు కలిసి ఉండే కాలు) పైన ఉండే మౌంటింగ్‌లు చూడాలి. చాలామంది షాకర్లు మార్చేసి, మౌంటింగ్ పాతదే బిగించి, చప్పుడు పోలేదని మళ్లీ వస్తారు.

మల్కాజ్‌గిరి ఆల్టురా

అక్కా, మీ పోస్టు చదివి ఎంత సంతోషమైందో చెప్పలేను. మా ఇంట్లో బలెనో ఆల్టురా ఉంది, పెట్రోలు. అది కూడా రోజూ నడిచే బండే. మీ ఇంజన్ గురించి నేను చెప్పేదేం లేదు, పై అన్న అంతా చెప్పారు. వ్యాగన్లన్నిటికీ ఉండే జబ్బుల గురించి రాస్తాను.

వెనక వైపరు సంగతి నూటికి తొంభై వంతులు మోటారు కాదు, వైర్లు. బాడీ నుంచి వెనక డోర్‌లోకి వైర్లు ఒక నల్ల రబ్బరు గొట్టంలోంచి వెళ్తాయి, పైన కబ్జా (డోర్ మడత బందు) పక్కన. డోర్ ఎత్తి దించిన ప్రతిసారీ అవి అక్కడే మడత పడతాయి. ఇరవై ఏళ్లు మడత పడ్డాక లోపల రాగి తీగలు తెగుతాయి, పైన తొడుగు మాత్రం బాగానే కనపడుతుంది. డోర్ సగం ఎత్తి వైపరు స్విచ్ వెయ్యండి. ఒక ఎత్తులో తిరిగి, ఇంకో ఎత్తులో ఆగిపోతే జబ్బు అదే. నంబరు ప్లేటు లైటు, వెనక అద్దం మీద తేమ పోగొట్టే తీగలు, డిక్కీ లాకు, అన్నీ ఆ గొట్టంలోంచే వెళ్తాయి కాబట్టి ఒక వైరు ఇంకో వైరుకి తగిలితే ఫ్యూజు కొట్టేస్తుంది. ఎలక్ట్రీషియన్ టేపు చుట్టి పంపిస్తానంటే ఒప్పుకోకండి. మడత పడే మేర మొత్తం మెత్తటి, ఎక్కువ పోగులున్న వైరు కొత్తది వేసి, జాయింట్లు గొట్టం బయట, ఒకదాని పక్కన ఒకటి రాకుండా ఎడంగా సోల్డర్ చేయించి, స్లీవ్ తొడిగించండి.

డోర్ పట్టుకునే గ్యాస్ షాకర్లు కూడా చూసుకోండి. వీల్‌చెయిర్ పెడుతూ మీరు తల లోపలికి వంచినప్పుడు డోర్ పడితే చాలా ప్రమాదం. అదే కొలత, అదే బలం ఉన్న షాకర్లు బయట దొరుకుతాయి. పాతదాని మీద న్యూటన్లలో అంకె రాసి ఉంటుంది, అది చూసి తీసుకోండి. బలం మరీ ఎక్కువైతే కబ్జాల దగ్గర రేకు వంగిపోతుంది.

ఏసీకి నేను చేయించింది చెప్తాను. ముందు కండెన్సర్ కడిగించాను, ఫ్యాను స్పీడు చూపించాను. గ్యాస్ పూర్తిగా తీసి, వాక్యూమ్ పెట్టి, బానెట్ కింద స్టిక్కర్ మీద ఉన్న గ్రాముల లెక్కన తూచి ఎక్కించమన్నాను. మీటరు చూసి అందాజాగా ఎక్కించే చోటికి వెళ్లకండి. అది అయ్యాక కూడా వెనక వేడి తగ్గలేదు. అసలు సంగతి ఏంటంటే, వ్యాగన్‌లో ఏసీ సామాను గదిని కూడా చల్లబరచాలి, ఆ పెద్ద వెనక అద్దం ఎండని మొత్తం లోపలికి తెస్తుంది. వెనక సీటు వీపు దగ్గర్నుంచి డోర్ దాకా సామాను మీద పరిచే షీటు కుట్టించాను, పైకప్పు గుడ్డ దించి లోపల వేడి ఆపే ఫోమ్ షీటు అతికించాను. తేడా వెనక సీట్లో వెంటనే తెలిసింది. అద్దాలకి నల్ల ఫిల్మ్ మాత్రం వద్దు. ముందు, వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు లోపలికి రావాలి. ఆ లెక్కలో ఉండే, వేడి ఆపే పారదర్శక ఫిల్మ్‌లు ఉన్నాయి.

చివరిగా ఒకటి, దీని గురించి ఎవరూ రాయలేదు. వీల్‌చెయిర్‌ని కట్టేస్తున్నారా? మధ్యలో అడ్డం లేని బండి ఇది. గట్టిగా బ్రేకు కొడితే అది సీటు మీద నుంచి ఎగిరి అమ్మగారి తల మీదకి వస్తుంది. నేల మీద కొక్కేలు లేకపోతే కొత్తగా రంధ్రాలు కొట్టకండి. వెనక సీటు బిగించిన బోల్టుల దగ్గరే కొక్కెం పట్టీ కలిపి బిగించొచ్చు. వీల్‌చెయిర్‌ని సీటు వీపుకి ఆనించి, పడుకోబెట్టి, రాచెట్ బెల్టుతో కట్టండి.

నరసరావుపేట

మేడమ్, వ్యతిరేకంగా చెప్తున్నానని అనుకోకండి. 60 వేలు పెట్టి, రెన్యువల్ ఖర్చు పెట్టి, తర్వాత ప్రతి నెలా ఏదో ఒకటి. స్క్రాప్‌కి ఇచ్చేస్తే కొత్త బండి రోడ్ ట్యాక్స్‌లో రాయితీ వస్తుంది కదా. వెనక సీటు కాస్త ఎత్తున్న హ్యాచ్‌బ్యాక్ చూసుకుంటే అమ్మగారు ఎక్కడం కూడా సులువే.

పటమట మారినా

అన్నయ్య గారూ, తప్పుగా ఏమీ అనుకోను, అడగాల్సిన ప్రశ్నే. హ్యాచ్‌బ్యాక్‌లు షోరూముల్లో అమ్మని తీసుకెళ్లి ఎక్కించి చూశాను. ఎక్కడం బాగానే ఉంది. వీల్‌చెయిర్ పెట్టాలంటే మాత్రం వెనక సీటు మడవాలి. సీటు మడిస్తే నాన్న ఎక్కడ కూర్చుంటారు? ఆస్పత్రికి ఇద్దరూ కలిసే వస్తారు, ఒకరిని వదిలి ఒకరు రారు. ఆ లెక్కలోనే చాలా బండ్లు ఆగిపోయాయి.

కాగితంతో చూశాను. ఎడమ వైపు కింది మూల దగ్గర జానెడు మేర కాగితం ఊరికే జారిపోయింది. కార్పెట్ కింద ఒక బిరడా అసలు లేదు. ఆటోనగర్ అన్నగారూ, మీకు చాలా రుణపడి ఉన్నాను. హెడ్‌లైట్ గురించి మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు, ఆర్‌సీ సంగతి కూడా.

ఫారం 25

నమస్కారం అండీ. ఆర్టీఓ పనులు చూసుకునే కుటుంబం మాది. ముందు భయం తీర్చేస్తాను. పదేళ్ల డీజిల్ నిషేధం అన్నది ఢిల్లీ, దాని చుట్టుపక్కల ఎన్‌సీఆర్ గొడవ. 2015లో హరిత ట్రైబ్యునల్ ఇచ్చిన ఆదేశంతో మొదలైంది. మన రాష్ట్రంలో అలాంటిది లేదు. ఇక్కడ సొంత కారుకి మొదట 15 ఏళ్లు ఆర్‌సీ, తర్వాత ఫిట్‌నెస్ చూసి ఐదేళ్ల చొప్పున పొడిగిస్తారు. 2021లో ఒకసారి చేయించి ఉంటారు, ఇది రెండోది. గడువు తీరే తేదీకి 60 రోజుల ముందు నుంచి ఫారం 25తో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ చెల్లుబాటులో ఉండాలి, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి.

డబ్బు విషయంలో మాత్రం సిద్ధంగా ఉండండి. 2022 ఏప్రిల్ నుంచి కారు రెన్యువల్ ఫీజు 5 వేలు అయింది. 2025 ఆగస్టులో కేంద్రం 20 ఏళ్లు దాటిన కార్లకి దాన్ని 10 వేలు చేసింది. మీ బండి సరిగ్గా గీత మీద ఉంది. రిజిస్ట్రేషన్ తేదీ చూసుకుని, గడువు దాటకముందే పెట్టేయండి. ఆలస్యమైతే జరిమానా వేరే. స్క్రాప్ విషయం నరసరావుపేట గారు అడిగారు కాబట్టి: సొంత బండి ఫిట్‌నెస్ పాసైతే దాన్ని తుక్కుకి ఇవ్వాలన్న బలవంతం లేదు.

మార్పుల గురించి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెప్పేది, ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన దానికి భిన్నంగా మారేలా బండిని మార్చకూడదని. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకీ యజమానికి 5 వేల జరిమానా, జైలు కూడా పడొచ్చు. మీరు చేయించాలనుకున్నవాటిలో స్ప్రింగులు, షాకర్లు, రబ్బరు, వైర్లు, ఏసీ, ఇవన్నీ పాడైనదాని బదులు అదే రకం వేయడం. వాటితో ఏ గొడవా లేదు. రంగు మార్చినా, ఇంజన్ మార్చినా ముందే ఆర్టీఓ దగ్గరకి వెళ్లాలి. ఇక రెన్యువల్‌కి ఫిట్‌నెస్ చూసేటప్పుడు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు చూస్తారు, లైట్లు, బ్రేకులు, హారన్, వైపర్లు చూస్తారు. ఛాసిస్ నంబరు మీద తుప్పు ఉంటే ముందే శుభ్రం చేయించి కనపడేలా ఉంచండి. గరుకు కాగితంతో రుద్దనివ్వకండి, అంకె చెరిగితే పెద్ద తలనొప్పి.

టైర్ల మాట కూడా చెప్పనివ్వండి. బండి ఎత్తు పెరుగుతుందని షాపులో 185/65 ఆర్14 అంటగడతారు. దాని చుట్టుకొలత మీ సైజు కంటే రెండు శాతం పైగా ఎక్కువ, స్పీడోమీటరు అంత మేర తక్కువ చూపిస్తుంది. ఎత్తు పెరిగేది ఆరున్నర మిల్లీమీటర్లే. కంపెనీ సైజే ఉంచండి.

ఆటోనగర్ డీజిల్

మేడమ్, హెడ్‌లైట్ చెప్పడం మర్చిపోలేదు, సాయంత్రం రాద్దామనుకున్నా. 100 వాట్ల బల్బు వేస్తే హోల్డర్ కరిగిపోతుంది, రిఫ్లెక్టర్ మాడి లైటు ఇంకా తగ్గుతుంది. ఎల్‌ఈడీ బల్బు ఆ డోమ్‌లో వేస్తే ఎదుటివాడి కళ్లలో కొడుతుంది, మీ ముందు రోడ్డు మాత్రం సరిగా కనపడదు. ఆ రిఫ్లెక్టర్‌ని హాలోజన్ బల్బు తీగ ఎక్కడుంటుందో లెక్కేసి చేశారు.

మీ బల్బు 60/55 వాట్లదే ఉంచండి. బండి స్టార్ట్‌లో ఉండగా బ్యాటరీ దగ్గర ఓల్టేజి చూడండి, తర్వాత హెడ్‌లైట్ వేసి బల్బు హోల్డర్ దగ్గర చూడండి. పాత బండ్లలో ఒకటిన్నర ఓల్టు దాకా దారిలోనే పోతుంది. ఓల్టేజి కొంచెం తగ్గినా వెలుతురు చాలా తగ్గుతుంది. బ్యాటరీ నుంచి ఫ్యూజుతో నేరుగా మందపాటి వైరు, రెండు రిలేలు (లైటుకి కరెంటు కలిపే చిన్న స్విచ్‌లు), కొత్త సెరామిక్ హోల్డర్లు, బాడీకి మంచి ఎర్త్. ఇంతే పని. స్టీరింగ్ దగ్గరున్న స్విచ్ మీద కూడా భారం తగ్గుతుంది. తర్వాత గోడ ముందు పెట్టి లైట్ల ఎత్తు సెట్ చేయించండి. కానీ ఈ సెట్టింగ్ కొత్త స్ప్రింగులు పడ్డాకే. తోక వాలి ఉన్నప్పుడు సెట్ చేస్తే, స్ప్రింగులు మార్చాక లైటు మీ బంపరు ముందే పడుతుంది.

ఇంకో మాట. స్పేర్ల కోసం గుజిరీకి వెళ్తే వైరింగ్, సీట్లు, ఎలక్ట్రికల్ సామాను కొనకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలో మునిగిన బండ్లు చాలా విడిభాగాలుగా విప్పేశారు. పైకి కడిగి మెరిపిస్తారు, లోపల కనెక్టర్లలో పచ్చ తుప్పు ఉంటుంది. డోర్ గ్లాసు, బంపరు, రూఫ్ రైలు లాంటివి పర్వాలేదు.

పటమట మారినా

అందరికీ చేతులెత్తి దండం. నేను నిర్ణయించుకున్న వరస రాస్తున్నాను, తేడా ఉంటే ఆపండి.

రేపే బిరడా పెట్టించి, సైలెన్సర్ జాయింట్లు చూపిస్తాను. వీల్‌చెయిర్‌కి బెల్టు ఈ రోజే కొన్నాను. వెనక డోర్ రబ్బరు, గ్యాస్ షాకర్లు, వైర్లు ఒకే విడతలో చేయిస్తాను, ఎలాగూ డోర్ లోపలి ప్యానెల్ విప్పాలి కదా. ఆ తర్వాత బుష్‌లు, మౌంటింగ్‌లు, వెనక స్ప్రింగులు, షాకర్లు. డబ్బులో పెద్ద భాగం ఇక్కడే పోతుంది, పోనివ్వండి, అమ్మ నడుముకి సంబంధించింది కాబట్టి ఇందులో తగ్గించను. స్ప్రింగులు పడ్డాక రిలేలు, లైట్ల సెట్టింగ్. ఏసీ గ్యాస్ ఎండాకాలం ముందు. పైకప్పు ఫోమ్ డబ్బు మిగిలితే ఇప్పుడు, లేకపోతే దసరా సెలవుల్లో. రెన్యువల్ డబ్బు విడిగా తీసి పెట్టేశాను. తేదీ చూశాను, దరఖాస్తుకి ఇంకా సమయం ఉంది.

పంపు స్క్రూ మీద సీలు ఉందో లేదో కూడా చూసుకున్నాను. ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. నాన్నకి చెబితే, ఆ పంపు షోరూం నుంచి వచ్చినప్పటినుంచీ ఎవరికీ విప్పనివ్వలేదన్నారు.

ఒక్క సందేహం మిగిలింది. మారినా వెనక డోర్ రబ్బరు రెండు మూడు షాపుల్లో అడిగాను, ఇండికాది ఇస్తామంటున్నారు. డోర్ పొడవు వేరు కదా, అది సరిపోతుందా?

ఆటోనగర్ డీజిల్

ఇండికాది పొడవు సరిపోదు, మధ్యలో అతుకు పెట్టాల్సి వస్తుంది. అతుకు దగ్గర మళ్లీ పొగ వస్తుంది. మీ పాత రబ్బరు బాగున్న చోట చిన్న ముక్క కోసి తీసుకెళ్లండి. మీటర్ల లెక్కన రబ్బరు అమ్మే షాపులు ఉన్నాయి, లోపల స్టీలు పట్టీ ఉండి, పక్కన బోలు గొట్టంలా ఉండేది అడగండి. ముక్కతో పోల్చి, రేకు పట్టుకునే గాడి, గొట్టం లావు రెండూ కలిస్తేనే తీసుకోండి. డోర్ చుట్టూ దారంతో కొలిచి, దానికంటే బెత్తెడు ఎక్కువ కొనండి. అతుకు పైన, మధ్యలో, లాకుకి ఎదురుగా రావాలి. కింద వద్దు, నీళ్లు అక్కడే చేరతాయి. బిగించాక మొదట్లో డోర్ కాస్త గట్టిగా పడుతుంది, దానికి లాకు సర్దకండి. రబ్బరు అణిగాక అదే సర్దుకుంటుంది. వారం పోయాక మళ్లీ కాగితం పెట్టి చూసి చెప్పండి.

మల్కాజ్‌గిరి ఆల్టురా

అక్కా, డోర్ ప్యానెల్ విప్పినప్పుడు లోపల కింది అంచున నీళ్లు పోయే చిన్న రంధ్రాలు ఉంటాయి. అవి మట్టితో మూసుకుపోయి ఉంటే సన్న తీగతో తెరిపించండి, లోపలి రేకుకి తుప్పు ఆపే మైనం స్ప్రే కొట్టించండి. మాది అక్కడే తినేసింది.

పటమట మారినా

రాసుకున్నాను తమ్ముడూ. రబ్బరు ముక్క కోసి పర్సులో పెట్టుకున్నాను. శనివారం కాలేజీ అయ్యాక నేరుగా ఆటోనగర్ వెళ్తాను.